వినేవాళ్లు తగ్గిన ఇంట్లో చెప్పిందే చెప్పే పెద్దలు

భోజనాల దగ్గర పెద్దాయన "అప్పట్లో..." అని గొంతు సవరించుకోగానే కొడుక్కి ఆఫీసు కాల్ గుర్తొస్తుంది, మనవడికి హోంవర్క్ గుర్తొస్తుంది. కోడలికి మాత్రం ఏదీ గుర్తొచ్చే వీల్లేదు, గరిటె ఆమె చేతిలో ఉంది. కథ అందరికీ తెలిసిందే. ఎక్కడ ఆగి మంచినీళ్లు తాగుతారో, ఏ మాట దగ్గర తనే ముందు నవ్వుతారో కూడా తెలుసు. చివర్లో వచ్చే తీర్పూ తెలుసు: ఇప్పటివాళ్లకు కష్టం తెలీదు, అంతా ఫోన్లే.

ఇలాంటి ఇళ్లలో జబ్బుకు పెట్టే పేరు చాదస్తం, రాసిచ్చే మందు ఓర్పు. రెండూ పెద్దగా పనికొచ్చేవి కావు. చాదస్తం అనగానే తప్పంతా పెద్దమనిషి బుర్రలో ఉందని తేల్చేసినట్టవుతుంది. ఓర్పు అనగానే బరువంతా ఒక మనిషి నెత్తిన పడుతుంది, ఆ మనిషి చాలా ఇళ్లలో కోడలో కూతురో అయి ఉంటుంది. వయసుతో పాటు మాట తీరు కొంత మారే మాట నిజమే. కానీ అంతకన్నా ఎక్కువగా మారింది ఆ మాట వినేవాళ్ల లెక్క.

ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా ఈయన ఇవే కథలు చెప్పేవాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లకు కొన్ని, టీ కొట్టు దగ్గర కొన్ని, గుడి మండపంలో కొన్ని, బస్సు కోసం నిలబడ్డవాడికి ఇంకొన్ని. ఒక్కో కథ ఒక్కో మనిషి దగ్గరకు ఏ మూడు నెలలకో తిరిగొచ్చేది. అప్పటికి విన్నవాడు సగం మరిచిపోయి ఉండేవాడు, లేదా తన కథ ఎత్తుకునేవాడు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరి అన్నారు గానీ, దాసరి ఇల్లిల్లూ తిరిగేవాడు కాబట్టి ఒక్క పాటతో బతుకు వెళ్లిపోయింది. అదే దాసరిని మూడో అంతస్తు ఫ్లాటులో ఇద్దరు మనుషుల మధ్య కూర్చోబెడితే వారం తిరక్కుండానే తల బొప్పి కడుతుంది. పాట మారలేదు, ఇళ్లు తగ్గాయి.

ఈ లెక్క అమెరికాలో ఇంకా గట్టిగా కనిపిస్తుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వెళ్లిన తల్లిదండ్రులకు కారు నడపడం రాదు, వీధిలో నడిచే మనిషి కనపడడు, పొద్దున ఎనిమిదికి ఇల్లు ఖాళీ అయితే సాయంత్రం ఆరుకు గానీ మనుషులు రారు. పది గంటల మాట లోపల నిలవుండి, తలుపు తెరుచుకున్న నిమిషంలో బయటికొస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లేమో పది గంటలు మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి వచ్చినవాళ్లు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, వేళ మాత్రం కుదరలేదు.

చెప్పానన్న సంగతే గుర్తుండదు

"నాన్నా, ఇది వందసార్లు చెప్పావు" అంటే ఆయన ముఖం చిన్నబోతుంది, లేదా కోపం వస్తుంది. నాటకం కాదది. ఒక సంగతి గుర్తుండటం వేరు, ఆ సంగతి ఎవరికి చెప్పామో గుర్తుండటం వేరు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన నైజల్ గోపీ, కాలిన్ మాక్లౌడ్ 2009లో ఈ రెండో రకం జ్ఞాపకాన్ని విడిగా పరీక్షించారు. కుర్ర విద్యార్థులకు కూడా ఒక సంగతి ఎవరి దగ్గర విన్నారో గుర్తున్నంతగా, ఎవరికి చెప్పారో గుర్తుండలేదు. మాట్లాడేటప్పుడు ధ్యాసంతా తర్వాత అనబోయే మాట మీద ఉంటుంది, ఎదుటి ముఖం మీద కాదు. మరుసటి ఏడాది టొరంటో పరిశోధకులతో కలిసి గోపీ ఇదే పరీక్ష పెద్దవయసు వాళ్లకు పెట్టారు. వాళ్లకు ఈ జ్ఞాపకం మరింత బలహీనంగా ఉంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, చెప్పేసిన మనిషికే 'చెప్పలేదు' అని వాళ్లు కుర్రవాళ్లకంటే గట్టి నమ్మకంతో అన్నారు.

అంటే 'వందసార్లు' అన్న మాట ఆయన చెవికి అబద్ధంలా వినిపిస్తుంది. తన కథ విసుగు పుట్టించింది, అందుకే ఏదో వంక పెడుతున్నారు అనుకుంటారు. ఈ మతిమరుపు తిరగేసి పనిచేసిన రోజున వచ్చే గొడవ ఇంకొకటి: "కరెంటు బిల్లు కట్టమని మొన్ననే చెప్పాను కదా, నా మాటంటే లెక్కలేదు" అని. చెప్పింది కోడలికి కాదు, పక్క ఫ్లాటాయనకు. నిరూపించబోతే ఇద్దరికీ నష్టమే. "నేను వినలేదేమో నాన్నా, ఇప్పుడు కట్టేస్తాను" అంటే అక్కడితో తెగుతుంది. నిజాయితీ పరులకు ఇది కొంచెం ఇబ్బందే గానీ, ప్రతి ఇంట్లోనూ కోర్టు నడపనక్కర్లేదు.

మరి ఎప్పుడూ ఆ నాలుగు కథలే ఎందుకు? దీనికి మనస్తత్వ శాస్త్రంలో బాగా నిలబడిన సమాధానం ఉంది. పెద్దవాళ్లను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, పదేళ్ల వయసుకూ ముప్పై ఏళ్ల వయసుకూ మధ్య జరిగినవి మిగతా వయసుల వాటికంటే ఎక్కువగా బయటికొస్తాయి. మొదటి ఉద్యోగం, పెళ్లి, మొదటి జీతం, మొదటిసారి ఊరు దాటడం అన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే కదా.

తెలుగువాళ్ల విషయంలో లెక్క వేసి చూస్తే ఇది భలేగా కుదురుతుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో పుట్టిన మనిషికి 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పదహారేళ్లు, 1972 జై ఆంధ్ర నాటికి పంతొమ్మిది, ఎమర్జెన్సీ పెట్టేనాటికి ఇరవై రెండు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి ఇరవై నాలుగు, 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచేనాటికి దాదాపు ముప్పై. రాష్ట్ర చరిత్ర అంతా వచ్చి ఆయన జ్ఞాపకాల చిక్కటి భాగంలోనే పడింది. ఆ ఏడాదే ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించిన సంగతి, కిలో రెండు రూపాయల బియ్యం సంగతి ఆయన నిన్న జరిగినట్టు చెబుతారు, మొన్నటి ఎన్నికల్లో ఎమ్మెల్యే పేరు మాత్రం తడుముకుంటారు. అది మతిపోవడం కాదు.

గతం తవ్వుకోవడం ముసలితనపు లోపమన్న అభిప్రాయం ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాసిన వ్యాసంలో దాన్ని తోసిపుచ్చారు. చివరి దశలో మనిషి తన జీవితాన్ని మళ్లీ మళ్లీ తిరగేసి చూసుకోవడం సహజమైన పని అనీ, మిగిలిపోయిన లెక్కలు సరిచూసుకోవడం అందులో భాగమనీ ఆయన వాదన. తర్వాత అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థకు మొదటి డైరెక్టర్ అయింది కూడా ఆయనే. 1998లో మరో అమెరికన్ బృందం పెద్దవాళ్ల సంభాషణను కుర్రవాళ్ల సంభాషణతో పోల్చింది. బొమ్మ చూపించి వర్ణించమంటే పెద్దవాళ్లు దారి తప్పలేదు. సొంత జీవితం గురించి అడిగినప్పుడే డొంకతిరుగుడు వచ్చింది. పైగా విన్నవాళ్లు కథలుగా వాటికే మంచి మార్కులు వేశారు. మొదటిసారి విన్నవాళ్లు కాబట్టి వేశారు, అది వేరే సంగతి.

పక్క ప్రశ్న

కథ ఆగదు గానీ కథలో చోటు మార్చవచ్చు. విద్యుత్ బోర్డులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారనుకుందాం. ఉప్పెన వచ్చిన మూడో రోజున వాళ్ల జట్టును అవనిగడ్డ వైపు పంపారు. స్తంభాలు పడిపోయాయి, లైన్లు నీళ్లలో ఉన్నాయి, పై అధికారి చేతులెత్తేశాడు, ఈయన వెదురు గడలతో లైను నిలబెట్టారు, తర్వాత ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి భుజం తట్టాడు. ప్రతిసారీ ఇదే వరస. కోడలు ఒకరోజు పప్పు వడ్డిస్తూ, భుజం తట్టే ఘట్టం రాకముందే అడిగింది: "ఆ వారం రోజులూ అన్నం ఎక్కడ తిన్నారు మావయ్యగారూ?"

ఆయన ఆగిపోయారు. "అన్నమా... అన్నం ఎక్కడిదమ్మా. ఒక స్కూలు వరండాలో గంజి కాచేవాళ్లు. బెజవాడ నుంచి లారీలో పులిహోర పొట్లాలు వచ్చేవి. మా దాకా వచ్చేసరికి పాచిపోయేవి. తినేవాళ్లం. కంపు ఎటూ ఊరంతా ఉంది." కొంచెం సేపు ఊరుకుని, ఆ వరండాలో తమ పక్కన కూర్చుని తిన్న ఒక పిల్లవాడి సంగతి ఎత్తారు. ఆ పిల్లవాడు ఇంట్లో అంతకుముందు ఎవరూ వినని మనిషి.

అరిగిపోయిన కథలో జరిగింది కొంత, చెప్పి చెప్పి ఏర్పడ్డ అచ్చు కొంత. 'అవునా', 'ఓహో' అని ఊ కొడితే అచ్చు అచ్చులాగే నడుస్తుంది. తిండి, వాసన, జీతం, చెప్పులు, పక్కన ఉన్న మనిషి ఎవరు అన్న చిన్న ప్రశ్న వేస్తే ఆయన అచ్చు వదిలి నిజంగా గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. 'అప్పుడు మీకు ఎలా అనిపించింది' అన్న టీవీ యాంకర్ ప్రశ్న మాత్రం పనిచేయదు, ఆ తరం మగవాళ్లకు అసలే పనిచేయదు. కథ తెలుసని ఒప్పుకుంటూనే పరువు నిలిపే మాట కూడా ఒకటుంది: "ఆ ఆఫీసరు మీ భుజం తట్టాడన్నారే, ఆయన తర్వాత ఎక్కడికి బదిలీ అయ్యాడు?" విన్నానని చెప్పినట్టూ అయింది, విసుక్కోలేదనీ తెలిసింది, కథ చివరి నుంచి మొదలైంది.

ఫోన్లో రికార్డు చేయమని చాలామంది సలహా ఇస్తారు. కొందరికి బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా అడిగేది మనవరాలైతే. కొందరు ఫోన్ చూడగానే రేడియో ప్రసంగంలోకి వెళ్లిపోతారు. అలాంటివాళ్ల దగ్గర పాత ఫోటోల ఆల్బం నయం, ఎదురుగా ఉన్న ఫోటో మాటను ఒకచోట పట్టి ఉంచుతుంది.

గొలుసు ఊసు

ఆడవాళ్ల పునరావృతం చాలాసార్లు వేరేగా ఉంటుంది, దాన్ని మగవాళ్ల వీరగాథల కింద జమ కట్టడం పొరపాటు. అమ్మ పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు కాసుల గొలుసు ఆడపడుచు పెళ్లికి తాకట్టులోకి వెళ్లింది, మళ్లీ విడిపించలేదు. నలభై ఏళ్లయింది. శ్రావణమాసం వచ్చినా, బంగారం ధర టీవీలో వచ్చినా, ఆ ఆడపడుచు పేరు వినపడినా గొలుసు మళ్లీ బయటికొస్తుంది. కొడుకు ప్రతిసారీ ఒకటే అంటాడు: "ఎప్పటి సంగతో ఇప్పుడెందుకమ్మా."

ఇప్పుడెందుకంటే, అప్పుడు అననివ్వలేదు కాబట్టి. అత్తగారు ఉన్నన్నాళ్లూ నోరెత్తే వీల్లేదు, భర్త వినలేదు, పుట్టింట్లో చెప్పుకుంటే పరువు తక్కువ. వినేవాళ్లు లేకపోవడం ఆమెకు ముసలితనంలో వచ్చిన కష్టం కాదు, కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్నదే. ఇలాంటి మాటకు పక్క ప్రశ్న వేస్తే పుండు మీద కారం. ఊరడింపు కూడా పనిచేయదు. పనిచేసేది తీర్పు. "అవునమ్మా, ఆ గొలుసు నీది. నానమ్మ వాళ్లు విడిపించి ఇవ్వాల్సింది. నాన్న కూడా అడగాల్సింది" అని కడుపున పుట్టినవాడు ఒక్కసారి స్పష్టంగా అంటే, గొలుసు ఊసు పూర్తిగా ఆగిపోదు గానీ వేడి తగ్గుతుంది. చాలామంది కొడుకులు ఆ మాట అనలేరు. చనిపోయిన తండ్రిని తప్పు పట్టినట్టవుతుందని భయం. గొలుసు ఊసు ఇంకో పదేళ్లు సాగడానికి ఆ మొహమాటం చాలు.

భార్యో భర్తో పోయిన తర్వాత మాట ఎక్కువైందన్న ఫిర్యాదు కూడా తరచుగా వినిపిస్తుంది. దుఃఖం ఒక్కటే కారణం కాదు. నలభై ఏళ్లుగా "అది నిన్న చెప్పారుగా" అని పక్క నుంచి అందుకునే మనిషి పోయింది. "77 కాదండీ, 78. అప్పటికి పెద్దాడు పుట్టాడు" అని తేదీలు దిద్దే మనిషి కూడా ఆమే. కాపురంలో జ్ఞాపకాలు ఇద్దరి మధ్యా పంచుకుని ఉంటాయి, ఒకరు పోతే రెండో వాటా మాయమవుతుంది. మిగిలిన మనిషి కథకు ఆపే మనిషి ఉండదు, దిద్దే మనిషీ ఉండదు.

అధికారం పోయాక అభిప్రాయం

చెప్పిందే చెప్పడం కంటే ఎక్కువ ఇళ్లను కుదిపేది ప్రతిదాని మీదా తీర్పు చెప్పడం. కూరలో ఉప్పు, కోడలి జీతం, మనవడి కోర్సు, ముఖ్యమంత్రి, పక్కింటివాళ్ల కులం, డాక్టరు రాసిన మందు. వయసుతో మొండితనం వస్తుందని తేలిగ్గా అనేస్తాం. దానికంటే సూక్ష్మమైన వివరణ ఒకటి 1988లో లిన్ హాషర్, రోజ్ జాక్స్ ఇచ్చారు. తలలో ఆలోచన పుట్టడం ఎవరికైనా ఒకటే, సందర్భం కాని ఆలోచనను లోపలే ఆపే శక్తి వయసుతో తగ్గుతుంది అని. గుమ్మంలో అడుగుపెట్టిన మేనకోడలితో "ఏంటే ఇంత నల్లబడ్డావు" అనడం అందరి మనసుల్లోనూ మెదలవచ్చు, నోటి దాకా వచ్చేది పెద్దమ్మకే. (టొరంటో పరీక్షలోనూ, కింద రాబోయే 1977 నాటి ప్రయోగంలోనూ ఉన్నది ఈ లిన్ హాషరే. మన ఇళ్లలో రాత్రి భోజనాల మీద ఇంత పని చేసిన శాస్త్రవేత్త ఇంకొకరు లేరేమో.)

మెదడు సగం కారణమైతే మిగతా సగం ఇంటి ఏర్పాటు. పొలం ఏం వేయాలో, పిల్లను ఎవరికివ్వాలో, స్కూటరు ఎప్పుడు కొనాలో ఒకప్పుడు ఈ మనిషే నిర్ణయించాడు. ఇప్పుడు బ్యాంకు యాప్ కొడుకు ఫోన్లో ఉంది, వంటిల్లు కోడలిది, టీవీ రిమోట్ మనవడిది. నిర్ణయాలు పోయాయి, అభిప్రాయాలు మిగిలాయి. వాటితో వాదించి గెలిచిన కొడుకు లేడు. కానీ నిజంగా తేల్చాల్సిన పని ఒకటి చేతిలో పెడితే తేడా కనిపిస్తుంది. ఆవకాయకు ఏ కాయ తేవాలి, ఎన్ని తేవాలి అన్నది అత్తగారి మాటే ఆఖరు. అపార్టుమెంటు మెయింటెనెన్సు లెక్కలు సరిచూసేది మావయ్యగారే. ఇది ఊరికే తోచనివ్వకుండా చేసే పని అయితే వాళ్లు ఇట్టే కనిపెడతారు. నిర్ణయం నిజంగా వాళ్లదే కావాలి, కాయ పుల్లగా లేకపోయినా సరే.

ఫార్వర్డులది ఇంకో గోల. 2016 అమెరికా ఎన్నికల నాటి ఫేస్‌బుక్ వాడకం మీద 2019లో వచ్చిన పరిశోధనలో, 65 దాటినవాళ్లు అందరికంటే కుర్రవాళ్లతో పోలిస్తే దాదాపు ఏడు రెట్లు నకిలీ వార్తలు పంచుకున్నారని తేలింది. మన వాట్సాప్ గ్రూపులకు ఈ లెక్క అలాగే అతికించలేం గానీ, పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు వెనకాల ఏం వస్తుందో చూసినవాళ్లకు ఆశ్చర్యం ఉండదు. 1977 నాటి ప్రయోగం ఇక్కడ అక్కరకొస్తుంది: అబద్ధమైనా సరే పదేపదే వింటే నిజమనిపించడం పెరుగుతుంది. అందువల్ల "ఫలానా కాయ తింటే షుగర్ పోతుందన్నది తప్పు" అని నాలుగుసార్లు ఖండిస్తే చెవిలో మిగిలేది ఆ కాయ పేరే. "షుగర్ మందు ఆపితే కిడ్నీలు దెబ్బతింటాయి నాన్నా, మీ డాక్టరుగారినే అడుగుదాం" అని నిజంతో మొదలుపెట్టి నిజంతో ముగించడం మేలు. నమ్మకమైన మనిషి పేరు కలిస్తే ఇంకా మేలు.

అన్ని అభిప్రాయాలూ వినాల్సినవి కావు. రాజకీయాలు, సినిమాలు, ఈకాలం పిల్లలు వగైరా గాలికి వదిలేయవచ్చు. ఆడపిల్ల రంగు గురించో లావు గురించో ఆమె ముందే అనడం, పనమ్మాయిని కులం పేరుతో మాట్లాడటం, మాత్రలు మానేయడం, తెలియని వాడికి ఫోన్లో డబ్బు పంపడం వదిలేయకూడనివి. నలుగురి ముందు దులిపేస్తే పరువు పోయిందన్న బాధే మిగిలి అసలు సంగతి మరుగున పడుతుంది. గదిలో, ఒక్కరే ఉన్నప్పుడు, ఒక్క వాక్యం: "పిల్ల ఒంటి రంగు గురించి దాని ముందు అనొద్దు అత్తయ్యగారూ, రాత్రంతా ఏడ్చింది." కారణాల చిట్టా చదివితే ప్రతి కారణానికీ జవాబొస్తుంది. మళ్లీ అన్నప్పుడు మళ్లీ అదే వాక్యం. వాళ్లు చెప్పిందే చెబుతున్నప్పుడు మనమూ ఒకటి చెప్పిందే చెప్పవచ్చు. డబ్బు ఇప్పటికే మోసగాడికి వెళ్లిపోయి ఉంటే ఉపన్యాసం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చెవి, సోడియం, మతి

ఆపకుండా మాట్లాడే పెద్దవాళ్లలో కొందరికి అసలు చిక్కు నోటిది కాదు, చెవిది. ఎదుటివాళ్ల మాట సగమే వినపడేవాడికి సంభాషణ ప్రతి వాక్యంలోనూ ఒక పరీక్ష. తనే మాట్లాడుతూ ఉంటే పరీక్ష ఉండదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. స, ష, చ లాంటి హల్లులు జారిపోతాయి, గొంతు వినపడుతుంది గానీ మాట తెలియదు. అరిచి చెబితే గొంతే పెరుగుతుంది, మాట తేలదు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడటం ఎక్కువ ఉపయోగం. చెవి మిషన్ పెట్టించుకోమంటే 'నాకేం చెవుడా' అన్నది మొదటి జవాబు. అయినా వదలకూడని విషయమే, ఎందుకంటే లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచి డిమెన్షియాకు, అంటే మతి క్రమంగా తగ్గిపోయే జబ్బుకు దారితీసే, సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపాన్ని ముఖ్యమైనదిగా లెక్కిస్తోంది.

పాత కథ వారానికోసారి తిరిగిరావడం ఒక రకం. "తలుపు గడియ పెట్టావా?" అని పది నిమిషాల్లో ఆరుసార్లు అడగడం ఇంకో రకం. రెండోదానిలో పాతది గుర్తుండటం కాదు, ఇప్పుడే జరిగింది అంటకపోవడం ఉంది. దానితో పాటు రోజూ వెళ్లే వీధిలో దారి తప్పడం, చేయి తిరిగిన వంటలో వరస మరిచిపోవడం, చిల్లర లెక్క తేల్చుకోలేకపోవడం, ఎప్పుడూ మర్యాదగా ఉండే మనిషి ఒక్కసారిగా బూతులు మాట్లాడటం కనిపిస్తే చాదస్తం అని నవ్వేసి ఊరుకోకూడదు. దేశవ్యాప్తంగా చేసిన సర్వే ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది.

మార్పు నెలల్లో కాకుండా రెండు మూడు రోజుల్లో వచ్చిందంటే డాక్టరు దగ్గరకు ఆ రోజే వెళ్లాలి. కొన్ని రకాల బీపీ మాత్రలతో రక్తంలో సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా పెద్దమనిషిని రాత్రికి రాత్రి తికమకలో పడేయగలదు, వైద్యం చేస్తే చాలావరకు తిరిగి మామూలు కావచ్చు. నెమ్మదిగా వచ్చిన మతిమరుపులోనూ బి12, థైరాయిడ్, డిప్రెషన్ ముందు చూడాల్సినవి. మతిమరుపు నిజంగా జబ్బేనని తేలాక "ఇందాకే చెప్పాను కదా" అన్న మాట ఇంట్లోంచి తీసేయాలి. ఆరోసారి గడియ గురించి అడిగే మనిషికి కావలసింది సమాచారం కాదు, భయం తగ్గడం. వెంట తీసుకెళ్లి గడియ చూపించడం, పెద్ద అక్షరాలతో రాసి తలుపు మీద అంటించడం, వారాల పేర్లున్న మాత్రల డబ్బా, తేదీ కనిపించే పెద్ద గడియారం ఇలాంటివి మాటలకంటే ఎక్కువ పనిచేస్తాయి.

వంతులు

జబ్బు లేని మామూలు ఇంటికి తిరిగొస్తే, చేయాల్సిన పెద్ద పని వినేవాళ్లను పెంచడం. పెన్షనర్ల సంఘం మీటింగుకు నెలకోసారి దింపి రావడం, పార్కులో వాకింగ్ బృందంలో కలపడం, గుడిలో పారాయణానికి పంపడం, పాత సహోద్యోగి నంబరు వెతికి ఫోన్ కలిపివ్వడం. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పిల్లలు ఆడుకునే చోటు పక్క బెంచీల మీద సాయంత్రాలు ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు చేరతారు. అక్కడ అనంతపురం కరువు, కరీంనగర్ బొగ్గు గనులు, కోనసీమ గాలివాన ఒకదాని మీద ఒకటి పోటీ పడతాయి. ఎవరి కథా ఎవరూ పూర్తిగా వినరు, ఎవరికీ కోపం రాదు. మొదటి నాలుగు రోజులు ఎవరైనా వెంట వెళ్లి పరిచయం చేయాలి. "కిందికెళ్లి కూర్చోవచ్చుగా" అని పైనుంచి అంటే వెళ్లమని తోసినట్టు వినిపిస్తుంది.

ఇంట్లో వినేవాళ్లకు కూడా వేళ ఉండాలి. వంట మధ్యలో, ఆఫీసు కాల్ మధ్యలో సగం చెవితో విన్న గంటకంటే, ఫోన్ పక్కన పెట్టి విన్న ఇరవై నిమిషాలు పెద్దవాళ్లకు ఎక్కువ. "ఇప్పుడు కాదు మావయ్యగారూ, ఎనిమిదింటికి కాఫీ తాగుతూ" అనడంలో అమర్యాద లేదు, ఎనిమిదింటికి నిజంగా కూర్చుంటే. రెండుసార్లు కూర్చోకపోతే ఆ మాటకు విలువ పోతుంది, కథ మళ్లీ వంటింటి గుమ్మంలోకి వస్తుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో వంతు వేయకపోవడానికి కారణం కనిపించదు. డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిది అంటే ఇక్కడ ఆదివారం పొద్దున ఆరున్నరో ఏడున్నరో, పెద్దవాళ్లు కాఫీ తాగి తీరిగ్గా ఉండే వేళ. "బాగున్నావా, మందులు వేసుకుంటున్నావా" అని నాలుగు నిమిషాల్లో తేల్చే కాల్ కాదు, ఉప్పెన కథ మొదటి నుంచి చివరి దాకా వినే కాల్ వాళ్ల వంతు. కొడుకు పక్కనే ఉన్న ఇంట్లోనూ ఈ వంతు భార్యకు కట్టబెట్టి తప్పుకునే అలవాటు బలంగా ఉంది. ఓర్పు గురించిన ఉపదేశాలు కూడా ఎక్కువగా ఆ తప్పుకున్నవాళ్ల నోటనే వినిపిస్తాయి.

అమెరికా కొడుకు ఏడాదికోసారి పది రోజులకు వచ్చి, "నాన్న బ్రహ్మాండంగా ఉన్నారుగా వదినా, ఎన్ని కబుర్లు చెప్పారో" అని మురిసిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. అతను అబద్ధం చెప్పడం లేదు. ఏడాది విరామం తర్వాత ఆ కథలు అతనికి మళ్లీ కొత్తవి, ఊళ్లో అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఉన్నట్టే. వదినతో వాదించే పని లేకుండా ఇది సరిచేయడానికి తేలికైన దారి ఉంది. వచ్చే ఏడు అతను దిగిన రెండో రోజుకే ఆమెకు పుట్టింటికి టికెట్ కొనాలి, తిరుగు ప్రయాణం అతను విమానం ఎక్కే ముందు రోజుకి.